కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: ప్రీమియం ఎక్కడ తగ్గించుకోవాలి, ఎక్కడ చేయి పెట్టకూడదు

మా బాబాయి విజయవాడ నుంచి ఫోన్ చేశారు. "పోయినేడు పది వేల అయిదు వందల చిల్లర కట్టాను. ఈసారి పదమూడు వేల ఎనిమిది వందలు అంటున్నారు. అన్నీ పెరిగాయండీ అంటున్నాడు ఏజెంటు. కట్టేయమంటావా?"

కట్టవద్దు, ముందు రెండేళ్ల పాలసీ కాగితాలూ ఫొటో తీసి పంపమన్నాను. చూస్తే మారింది ఒక్క అంకె. ఏడాది మధ్యలో గేటుకు తగిలి బంపరు పగిలితే ఆయన క్లెయిమ్ చేశారు. కంపెనీ ఇచ్చింది 3,900 రూపాయలు. ఆ క్లెయిముతో, మూడేళ్లు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అయింది. క్లెయిమ్ చేయకపోతే ఈసారి 45 శాతం వచ్చేది. ఆ తగ్గింపు వర్తించే ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే సొంత కారు నష్టానికి కట్టేది, ఆయనకు ఎనిమిది వేలు కాబట్టి పోయింది 3,600, దాని మీద జీఎస్టీ కలిపితే 4,200 పైచిలుకు. అంటే కంపెనీ ఇచ్చిన సొమ్ము మొదటి రెన్యువల్‌లోనే వెనక్కి వెళ్లిపోయింది. మిగతా నష్టం రాబోయే ఏళ్లలో ఉంది, దాని లెక్క కింద చెబుతాను.

కార్ల ధరలు పెరిగాయి, హెడ్‌లైట్లలో ఎల్ఈడీలు, అద్దం వెనక కెమెరాలు, బంపర్లలో సెన్సార్లు వచ్చి చిన్న తాకిడికి కూడా బిల్లు వేలల్లో వస్తోంది. ప్రీమియాలు పెరగడానికి ఇవన్నీ కారణాలే. కానీ మీ బిల్లులో ఏది ఎందుకు పెరిగిందో ఆ కాగితంలోనే ఉంటుంది. అది చదవడం దగ్గరే మొదలుపెట్టండి.

1. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి

పాలసీ ముగియడానికి నెల ముందే ఈ పని చేయండి. చివరి రోజు రాత్రి పదకొండు గంటలకు చేస్తే ఎవరు ఎంత చెబితే అంత కట్టాల్సిందే. పోయినేటి పాలసీ, ఈ ఏటి రెన్యువల్ నోటీసు తీసుకుని అడుగున ఉన్న మొత్తాన్ని కాసేపు వదిలేసి, అయిదు అంకెలు విడివిడిగా రాసుకోండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మీ కారుకు జరిగే నష్టానికి కట్టేది. దాని మీద తగ్గించిన నో క్లెయిమ్ బోనస్. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది. యాడ్ ఆన్‌లు, అంటే మామూలు పాలసీ పైన విడిగా కొనుక్కునే రక్షణలు. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా. వీటన్నిటి మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరులో ఆరోగ్య, జీవిత బీమాలకు జీఎస్టీ తీసేశారు కదా, కారుకూ తీసేసి ఉంటారని చాలామంది అనుకుంటున్నారు. తీసేయలేదు.

వీటి పక్కనే ఐడీవీ అని ఇంకో అంకె ఉంటుంది, అంటే పాలసీలో మీ కారుకు కట్టిన విలువ. దాన్నీ రాసుకోండి. అసలు మోసం ఎక్కువగా జరిగేది అక్కడే.

2. థర్డ్ పార్టీ దగ్గర బేరం లేదు

ఈ రేటు ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ మధ్య 3,416, ఆ పైన 7,897 రూపాయలు. ఎలక్ట్రిక్ కార్లకు కిలోవాట్ల లెక్కన వేరే రేట్లు, ఇంతకన్నా కొంచెం తక్కువ. మీరు కట్టే నాటికి కొత్త నోటిఫికేషన్ వచ్చి ఉంటే ఆ అంకె అందరికీ ఒకేలా మారుతుంది. "మా దగ్గర థర్డ్ పార్టీలో డిస్కౌంట్ ఇస్తాం" అని ఎవరైనా అంటే ఆ పాలసీ అసలుదో నకిలీదో చూసుకోవాలి.

ఇది లేకుండా బండి రోడ్డెక్కితే మొదటిసారి రెండు వేలు, రెండోసారి నాలుగు వేలు జరిమానా, జైలుకు పంపే వీలు కూడా చట్టంలో ఉంది. జరిమానా సంగతి అలా ఉంచండి. ప్రమాదంలో మనిషి చనిపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. చనిపోయిన వారి వయసు, సంపాదన చూసి లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో వేస్తారు. పాలసీ లేకపోతే ఆ సొమ్ము మీ ఇంటి మీద, పొలం మీద పడుతుంది.

3. బోనస్‌ను కాపాడుకోండి

మీ చేతిలో ఉన్న పెద్ద తగ్గింపు ఇదే. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. ఇది ఓన్ డ్యామేజ్ మీద మాత్రమే. 50 శాతం బోనస్ అంటే మొత్తం బిల్లులో సగం అనుకుని ఏజెంటుతో గొడవ పడేవాళ్లను చూశాను, పాపం అతని తప్పేమీ లేదు.

ఇప్పుడు మా బాబాయి లెక్కకు వద్దాం. క్లెయిమ్ చేయకపోతే వరుసగా 45, 50, 50, 50, 50 వచ్చేవి. చేసినందువల్ల 0, 20, 25, 35, 45 వస్తాయి. ఏటా తేడా 45, 30, 25, 15, 5. కలిపితే 120 శాతం. ఎనిమిది వేల మీద 9,600 రూపాయలు. కారు పాతబడే కొద్దీ ఓన్ డ్యామేజ్ తగ్గుతుంది, పైన జీఎస్టీ పడుతుంది, కాబట్టి అటూ ఇటూగా తొమ్మిది పది వేలు అనుకోండి. 3,900 తీసుకుని తొమ్మిది వేలు పోగొట్టుకున్నారన్నమాట.

మీ కారుకు ఈ లెక్క ఒక్కసారి వేసి, వచ్చిన అంకెను ఆర్‌సీ పెట్టుకునే కవరు మీదే రాసి పెట్టుకోండి. సొట్ట పడినప్పుడు ముందు షెడ్డుకు వెళ్లి టింకరింగ్‌కు, పెయింటింగ్‌కు ఎంతవుతుందో అడగండి. ఆ బిల్లు మీ అంకె కన్నా తక్కువైతే జేబులోంచే ఇచ్చేయండి. షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో "ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, క్లెయిమ్ వేసేద్దాం" అంటారు. వాళ్లకు బిల్లు పెద్దదైతే మంచిదే, మీ బోనస్ గురించి వాళ్లకు బెంగ లేదు. ఇంకో సంగతి: క్లెయిములు ఎన్ని అన్నది కాదు, ఒక్కటి చేసినా బోనస్ సున్నాయే. కాబట్టి చేయక తప్పని పెద్ద క్లెయిమ్ వచ్చిన ఏడాది, చిన్న మరమ్మతులు కూడా ఆ ఏడే చేయించుకోవచ్చు. కానీ వేర్వేరు సందర్భాల్లో తగిలిన దెబ్బలను ఒకే ప్రమాదంగా చూపించవద్దు. నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్లు ఏళ్ల తరబడి సొట్టలు చూసినవాళ్లు.

బోనస్ పోయే దారి ఇంకొకటి ఉంది. పాలసీ ముగిసి తొంభై రోజులు దాటితే, ఎన్నేళ్లదైనా సరే, మొత్తం పోతుంది.

కొత్త కారు కొనేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. బోనస్ బండిది కాదు, మీది. పాత కారు అమ్మేటప్పుడు మీ కంపెనీ నుంచి బోనస్ రిటెన్షన్ లెటర్ తీసుకుంటే, మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకు దాన్ని వాడుకోవచ్చు. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పాతిక వేలుంటే 50 శాతం బోనస్‌తో పన్నెండున్నర వేలు మిగులుతాయి. షోరూమ్‌లో ఈ మాట ఎవరూ తమంతట తాము చెప్పరు. మ్యాట్లు, పెర్‌ఫ్యూమ్ ఉచితం అని మాత్రం చెబుతారు. షోరూమ్ వాళ్ల దగ్గరే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న నిబంధన కూడా లేదు. బయటి కొటేషన్ చూపిస్తే అక్కడే ధర తగ్గడం మామూలే.

4. ఐడీవీ తగ్గించి చవక చేసుకోవద్దు

కారు పోతే, లేదా మరమ్మతుకు పనికిరాకుండా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ సొమ్ము ఐడీవీ. కారు ఇప్పటి షోరూమ్ ధరలోంచి తరుగు తీసేస్తే వచ్చేది ఇది. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య కారుకు 20 శాతం, రెండు మూడేళ్ల మధ్య 30, మూడు నాలుగేళ్ల మధ్య 40, నాలుగు అయిదేళ్ల మధ్య 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటాక మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఇందులోకి రావు.

ఎనిమిది లక్షల ధర ఉన్న కారు వయసు మూడున్నరేళ్లు అనుకుందాం. ఐడీవీ 4,80,000 రావాలి. ఇద్దరు ఏజెంట్లలో ఒకరు వెయ్యో రెండు వేలో తక్కువ చెబితే, సాధారణంగా అందులో ఐడీవీని 3,60,000కు దించి ఉంటారు. కారు దొంగ ఎత్తుకుపోతే అక్కడే లక్షా ఇరవై వేల నష్టం. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియనిది ఇంకొకటి ఉంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కంపెనీ బాగు చేయించదు, కారును టోటల్ లాస్ కింద లెక్కకట్టి సొమ్ము ఇచ్చేస్తుంది. ఐడీవీ 4.8 లక్షలైతే ఆ గీత 3.6 లక్షల దగ్గర ఉంటుంది. 3.6 లక్షలైతే 2.7 లక్షల దగ్గరే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన కారుకు మూడు లక్షల బిల్లు వచ్చిందనుకోండి. మొదటి పాలసీతో కారు బాగై ఇంటికి వస్తుంది. రెండో పాలసీతో, బాగయ్యే కారే తుక్కు కింద పోతుంది, చేతికొచ్చే సొమ్ముతో అలాంటి కారు మళ్లీ దొరకదు. అందుకే కొటేషన్లు పోల్చేటప్పుడు అన్నిటిలోనూ ఐడీవీ ఒకే అంకెకు తెచ్చాకే ధర చూడండి. ఎక్కువ పెట్టించుకున్నా లాభం లేదు, ప్రీమియం దండగ.

5. యాడ్ ఆన్‌లు ఒక్కొక్కటిగా ఏరండి

రెన్యువల్ నోటీసులో పోయినేడు తీసుకున్నవన్నీ తిరిగి వచ్చి కూర్చుంటాయి, అడగనివి ఒకటి రెండు చేరుతాయి. ఒక్కోదాన్నీ కొట్టేస్తూ రండి, ఎంత తగ్గుతుందో చూడండి.

జీరో డిప్రిసియేషన్, జనం బంపర్ టు బంపర్ అనేది, కారు అయిదేళ్ల లోపుదైతే నా ఓటు ఉంచుకోవడానికే. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ వస్తువులకు సగం డబ్బే వస్తుంది, ఫైబర్‌కు 30 శాతం కోత. ఇనుప రేకు భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతూ అయిదేళ్లు దాటేసరికి 40 శాతానికి చేరుతుంది. ఈనాటి కార్ల ముందు భాగమంతా ప్లాస్టిక్కే కదా. ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో మాత్రం అడగండి, చాలా కంపెనీలు రెండింటితో ఆపేస్తాయి. ఏడెనిమిదేళ్ల కారుకు దీని ధర చూసి, కారు విలువ చూసి, వదిలేయవచ్చు.

ఇంజిన్ ప్రొటెక్షన్ ఊరిని బట్టి. నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు చేరి రాడ్లు వంగిపోతాయి. అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అని మామూలు పాలసీలో తోసిపుచ్చుతారు. విజయవాడ లోతట్టు కాలనీల్లో, హైదరాబాద్‌లో చెరువుల కింద వెలిసిన వీధుల్లో ఉంటే దీన్ని తీసేయవద్దు. అది ఉన్నా లేకపోయినా మునిగిన కారు తాళం చెవి తిప్పవద్దు, టోయింగ్ బండిని పిలవండి.

రిటర్న్ టు ఇన్వాయిస్, అంటే కారు పోతే ఐడీవీ కాకుండా కొన్న బిల్లు ధర ఇచ్చేది, మొదటి మూడేళ్లు అర్థవంతమే. తాళం చెవి పోతేనో, కారులో సామాను పోతేనో డబ్బిచ్చే యాడ్ ఆన్‌లను నేనైతే కొట్టేస్తాను. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కారు కంపెనీ వారంటీతోపాటు ఇప్పటికే ఉందేమో చూసుకోండి, రెండుసార్లు డబ్బు కట్టేవాళ్లు చాలామంది.

కారు పది పన్నెండేళ్లదై, అమ్మితే లక్షకు కూడా రాదనుకుంటే, ఓన్ డ్యామేజ్ పూర్తిగా మానేసి థర్డ్ పార్టీ ఒక్కటే కట్టడం తప్పేమీ కాదు.

6. చిన్న తగ్గింపులు

యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలకు తప్పనిసరి. కానీ మనిషికి ఒక్కటి చాలు, బండికొకటి అక్కర్లేదు. మీ స్కూటర్ పాలసీలో అది ఉంటే, లేదా విడిగా 15 లక్షలకు తగ్గని ప్రమాద బీమా పాలసీ ఉంటే, కారుకు వద్దని రాసివ్వండి. మూడు నాలుగు వందలు మిగులుతాయి.

క్లెయిములో మొదటి వెయ్యి రూపాయలు, పదిహేను వందల సీసీ దాటితే రెండు వేలు, ఎలాగూ మీరే భరించాలి. దానిపైన స్వచ్ఛందంగా ఇంకో అయిదు వేలో ఏడున్నర వేలో భరిస్తామంటే ఓన్ డ్యామేజ్ తగ్గిస్తారు. పది వేల లోపు సొట్టలకు క్లెయిమ్ చేయకూడదని మూడో మెట్టులోనే అనుకున్నాం కదా, ఇక ఆ అయిదు వేల భారం మీకు ఎప్పుడోగాని పడదు. తగ్గింపు మరీ రెండు మూడు వందలే అయితే మాత్రం వదిలేయండి.

బండి తక్కువ తిరుగుతుందా? 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించాక కిలోమీటర్ల లెక్కన ఓన్ డ్యామేజ్ వసూలు చేసే పాలసీలు వచ్చాయి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందే ఎంచుకుని, ఓడోమీటర్ ఫొటో పంపాలి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో తల్లిదండ్రులు గుడికి, ఆసుపత్రికి మాత్రమే తీసే కారుకు ఇది బాగా సరిపోతుంది. ఎంచుకున్న పరిమితి దాటబోతున్నప్పుడు అదనపు కిలోమీటర్లు కొనుక్కోవడం ఆ పెద్దవాళ్లకు గుర్తుండాలి, అంతే.

7. కొటేషన్లు తెప్పించండి

ఓన్ డ్యామేజ్ ధర 2007 జనవరి నుంచి కంపెనీల ఇష్టం. ఒకే కారుకు వేలల్లో తేడా రావడం అందుకే. పాత కంపెనీ, ఒక ప్రభుత్వ రంగ కంపెనీ, ఇంకో రెండు ప్రైవేటు కంపెనీలు, నాలుగు చాలు. అన్నిటికీ అదే ఐడీవీ, అవే యాడ్ ఆన్‌లు, అదే బోనస్. ఆ తర్వాత మీ ఊరిలో మీరు బండి ఇచ్చే షోరూమ్‌కు ఫోన్ చేసి, ఏ కంపెనీకి క్యాష్‌లెస్ ఉందో అడగండి. వెయ్యి రూపాయలు తక్కువని తీసుకున్న పాలసీకి ఒంగోలులో క్యాష్‌లెస్ గ్యారేజీ లేకపోతే, లక్ష రూపాయల బిల్లు ముందు మీరు కట్టి తర్వాత తిరగాలి. కంపెనీ మారితే బోనస్ పోతుందన్న భయం వద్దు, అది మీతోనే వస్తుంది. ఎక్కువ ధర చెప్పిన పాత కంపెనీకే తక్కువ కొటేషన్ పంపి చూడండి, చాలాసార్లు దిగివస్తారు.

8. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి

పోయినేడు క్లెయిమ్ చేసి, కొత్త కంపెనీలో "చేయలేదు" అని టిక్కు పెడితే ఆ రోజుకు బోనస్ వస్తుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది, తెలిశాక రేపటి క్లెయిమ్ ఇరుకున పడుతుంది. ఏజెంటు నింపినా సంతకం మీది, కాబట్టి ఆ గడి మీరే చూడండి. గ్యాస్ కిట్ పెట్టించి ఉంటే ఆర్‌సీలో, పాలసీలో రెండిటిలోనూ ఎక్కించండి. తెల్ల నంబరు ప్లేటు కారును అద్దెకు తిప్పుతుంటే ఈ పాలసీ మీకు అక్కరకు రాదు. సెకండ్ హ్యాండ్ కారు కొంటే థర్డ్ పార్టీ దానంతట అదే మీకు వస్తుంది గానీ, ఓన్ డ్యామేజ్ మీ పేరుకు మార్చుకోవాలి. పద్నాలుగు రోజుల్లో కంపెనీకి తెలపండి.

బోనస్ అన్యాయంగా తీసేశారనో, క్లెయిమ్ తప్పుగా కొట్టేశారనో అనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్. నెల రోజుల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులు విచారించి తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలి.

9. కట్టాక

డబ్బు కంపెనీ పేరున వెళ్లాలి, ఏజెంటు సొంత యూపీఐకి కాదు. పాలసీ రాగానే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలిపి చూడండి. పేరులో ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా క్లెయిమ్ రోజున మిమ్మల్ని తిప్పుతుంది, ఇప్పుడైతే ఒక మెయిల్‌తో సరిచేస్తారు. రెండు మూడు రోజులు ఆగి ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టండి. ఇన్సూరెన్స్ గడువు కొత్త తేదీకి మారి ఉండాలి. వారం గడిచినా మారకపోతే పాలసీ నంబరుతో నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి, ఏజెంటుకు కాదు.

మా బాబాయి చివరకు వేరే కంపెనీలో అదే ఐడీవీకి 12,100 కట్టారు. స్కూటర్ పాలసీలో ఉన్న ప్రమాద బీమా చూపించి కారుకు తీసేయించారు. గేటు స్తంభానికి పాత టైరు ముక్క కట్టించారట.